వలస అన్న ఒక్క మాటలో ఇమడని బహ్రెయిన్

బహ్రెయిన్ ఏనాడూ బ్రిటిష్ ప్రొటెక్టరేట్ కాదు. 1971 దాకా అది బ్రిటిష్ వలసరాజ్యమని మనం అలవాటుగా అనేస్తాం. కొంచెం జాగ్రత్తపడేవాళ్లు ప్రొటెక్టరేట్ అంటారు. లండన్ కాగితాల్లో మాత్రం దాని పేరు ప్రొటెక్టెడ్ స్టేట్. చెవికి రెండూ ఒకటే, తెలుగులోకి తెచ్చినా రెంటికీ రక్షిత రాజ్యమనే రాయాలి. కానీ ఆఫ్రికాలోని న్యాసాలాండ్ ప్రొటెక్టరేట్‌కు బ్రిటిష్ గవర్నరు ఉండేవాడు, ఊళ్ల లోపలి పాలన కూడా అతని చేతిలోదే. బహ్రెయిన్‌కు గవర్నరు లేడు. ఒడంబడికల ప్రకారం బయటి దేశాలతో వ్యవహారం బ్రిటన్‌ది, లోపలి పాలన ఆల్ ఖలీఫా వంశపు షేక్‌ది. ఇంగ్లీషులో దగ్గరి అర్థాలున్న మాటల్ని విడదీసి చూపే పాఠ్యపుస్తకాలు, ఆ తేడా మాటకు పుట్టుకతోనే వచ్చిందన్నట్టు చెబుతాయి. బహ్రెయిన్ రెండువందల ఏళ్ల చరిత్ర చూసినవారికి అది నమ్మశక్యంగా ఉండదు. ఇక్కడ తేడాలు పుట్టింది ఒప్పందాల్లో, అప్పుల పద్దుల్లో, పాస్‌పోర్టుల్లో, పర్మిట్లలో. ఏ మాట రాయాలో నిర్ణయించే కలం ఎవరిదైతే, ఎదుటి మనిషి స్థితిని నిర్ణయించిందీ వాళ్లే. తెలుగువాళ్లకు ఈ సంగతి ఇంకాస్త దగ్గరిది. దేశాన్ని ఆక్రమించడానికీ వలసే, కూలికి పోవడానికీ వలసే అనే భాష మనది. ఆ ఒక్క మాటతోనే మనం బహ్రెయిన్‌ను చదువుతున్నాం, బహ్రెయిన్‌కు పోతున్నాం.

ముందు రాజ్యం సంగతి. 1820లో సముద్ర శాంతి ఒప్పందం, 1861లో శాశ్వత సంధి, 1880లోనూ 1892లోనూ మరో రెండు కాగితాలు. చివరి రెంటిలో షేక్ ఈసా బిన్ అలీ, బ్రిటన్ అనుమతి లేకుండా మరే ప్రభుత్వంతోనూ ఒప్పందాలు చేసుకోనని రాసిచ్చాడు. రాజ్యాన్ని అప్పగించానన్న మాట నాలుగింటిలోనూ లేదు. వాటిని అమలుచేసే పని లండన్ తరఫున ఇండియా ప్రభుత్వం చూసేది. అందుకే అక్కడి అధికారుల బిరుదులు మన చెవికి కొత్తవి కావు. రెసిడెంట్ అంటే ఇంగ్లీషు పాఠంలో నివాసి. హైదరాబాదు కోఠీ రెసిడెన్సీలో కూర్చున్న రెసిడెంటు మాత్రం నిజాం దర్బారులో బ్రిటిష్ ప్రతినిధి. గల్ఫ్ రెసిడెంటు ఇరాన్ తీరంలోని బుషెహర్‌లో ఉండేవాడు, 1946లో బహ్రెయిన్‌కు మారాడు. అతని కింద మనామాలో 1904 నుంచి పొలిటికల్ ఏజెంటు ఉన్నాడు. 1926లో మూడో బిరుదు వచ్చింది, అడ్వైజర్. ఆ ఉద్యోగంలో చేరిన చార్లెస్ బెల్‌గ్రేవ్ జీతం షేక్ ఖజానా నుంచే వచ్చేది, కాబట్టి పేరుకు అతను షేక్ కొలువులోని సలహాదారు. పోలీసు, కోర్టు, ఖజానా, అన్నిట్లోనూ అతని చేయి ఉండేది. 1954 తర్వాత జనం సంఘం కట్టి అడిగిన కోరికల్లో అతన్ని పంపించెయ్యమన్నది ముఖ్యమైంది. 1957లో అతను వెళ్లిపోయాడు. సలహా ఇచ్చేవాడిమీద ఒక ఊరు ఊరంతా అలా తిరగబడదు. అడ్వైజర్ అన్న మాట మనామాలో మోసిన బరువు నిఘంటువుకు అందేది కాదు. ఆ రోజుల తపాలా బిళ్ల ఒకటి చూసినా చాలు. 1933 నుంచి బహ్రెయిన్‌లో అమ్మినవి అయిదో జార్జి బొమ్మ ఉన్న ఇండియా బిళ్లలే. ధర అణాల్లో ఉండేది. వాటిమీద నల్లసిరాతో బహ్రెయిన్ అని అడ్డంగా అచ్చు కొట్టేవారు. రాజు ఇంగ్లండుది, బిళ్ల ఇండియాది, పైన పేరు షేక్ రాజ్యానిది. ఆ చిన్న కాగితంముక్కను వలసరాజ్యపు బిళ్ల అంటే తప్పు, స్వతంత్ర రాజ్యపు బిళ్ల అన్నా తప్పే.

ఇదంతా గుమాస్తాల జుట్టుపీకులాట అని, పేరు ఏదైనా పెత్తనం బ్రిటన్‌దే కదా అని ఎవరైనా అనవచ్చు. ఆ మాటలో బలముంది. లోపలి పాలనలో జోక్యం ఉండకూడని ప్రొటెక్టెడ్ స్టేట్‌లోనే 1923 మే నెలలో బ్రిటిష్ అధికారులు ముసలి షేక్ ఈసాను పక్కకు తప్పించి కొడుకు హమద్‌ను కూర్చోబెట్టారు. తనంతట తాను గద్దె వదిలితే అబ్డికేట్, ఎవరో దించేస్తే డిపోజ్. ఈసా తాను వదల్లేదనే చివరిదాకా అన్నాడు, అందుకే 1932లో ఆయన చనిపోయేదాకా హమద్ బిరుదు డెప్యూటీ రూలర్‌గానే నిలిచింది. పెత్తనం మాటను తొక్కుకుంటూ పోయిందని ఇక్కడ ఒప్పుకోవాల్సిందే. కానీ తొక్కేసిన మాట చావలేదు. దాదాపు అర్ధశతాబ్దం తర్వాత బ్రిటన్ గల్ఫ్ వదిలిపోతానన్నప్పుడు, బహ్రెయిన్ తనదని ఇరాన్ పట్టుబట్టింది. వ్యవహారం ఐక్యరాజ్యసమితికి చేరింది. 1970 వసంతంలో ప్రధాన కార్యదర్శి ఊ థాంట్ ప్రతినిధిగా ఇటలీ దౌత్యవేత్త విన్‌స్పియర్ గిచార్డి మనామా వచ్చి సంఘాలు, క్లబ్బులు, ఊరి పెద్దలతో మాట్లాడి, పూర్తి స్వతంత్ర రాజ్యమే జనం కోరికని నివేదించాడు. మే 11న భద్రతా మండలి 278వ తీర్మానంతో దాన్ని ఆమోదించింది. దీన్ని చాలామంది రెఫరెండం అని రాస్తారు. అక్కడ ఓటు పెట్టె లేదు, చీటీ లేదు. జరిగింది అభిప్రాయ సేకరణ, దానికి ఇంగ్లీషు కాగితాల్లో ఎంతో ఆలోచించి వేరే మాట వాడారు. వాడిన మాట రెఫరెండం అయితే ఇరాన్, బ్రిటన్, షేక్ ముగ్గురూ ఒప్పుకునే దారి దొరికేది కాదు. ఇక 1971 ఆగస్టు 15న బహ్రెయిన్ స్వతంత్రమైనప్పుడు, ఇండియాకు చేసినట్టు బ్రిటిష్ పార్లమెంటు స్వాతంత్ర్య చట్టమేమీ చెయ్యలేదు. ఉత్తరాలు ఇచ్చిపుచ్చుకుని పాత ఒడంబడికల్ని రద్దు చేసుకున్నారు, అంతే. ఇవ్వడానికి బ్రిటన్ చేతిలో రాజ్యం ఉంటే కదా. ప్రొటెక్టెడ్ స్టేట్ అన్న ఆ రెండు పదాలు అక్కరకు వచ్చింది ఆ రోజునే.

రాజ్యాలకే కాదు, మనుషులకూ ఇలాంటి జంట పదాలున్నాయి. 1947కు ముందు రాజమండ్రిలో పుట్టినవాడు ఇంగ్లీషు చట్టంలో బ్రిటిష్ సబ్జెక్ట్. కరీంనగర్‌లో పుట్టినవాడు నిజాం ప్రజ కాబట్టి బ్రిటిష్ ప్రొటెక్టెడ్ పర్సన్. భాష ఒకటే, ఇద్దరి పాస్‌పోర్టుల్లో మాట వేరు. సబ్జెక్ట్ అంటే రాజుకు సొంత ప్రజ. ప్రొటెక్టెడ్ పర్సన్ అంటే మరో రాజు ప్రజ, బయటి దేశంలో మాత్రం బ్రిటన్ అండ ఉన్నవాడు. 1913లో జారీ అయి 1919లో అమల్లోకి వచ్చిన బహ్రెయిన్ ఆర్డర్ ఇన్ కౌన్సిల్ ప్రకారం షేక్ ప్రజలు షేక్ న్యాయానికి, బ్రిటిష్ ప్రజలూ విదేశీయులూ ఏజెంటు కోర్టుకు చెందుతారు. ఆ కోర్టులో చెల్లుబాటైంది మన పాత పీనల్ కోడ్ లాంటి ఇండియా చట్టాలే. కాబట్టి మనామా బజారులో జరిగిన చిన్న తగవులో కూడా తేలాల్సిన మొదటి ప్రశ్న ఎవరు కొట్టారన్నది కాదు, ఎవరు ఎవరి సబ్జెక్ట్ అన్నది.

ఇప్పటిదాకా చెప్పింది కలం పట్టినవాళ్ల మాటలు. కలం పట్టనివాళ్ల సంగతి చూడాలంటే ముత్యాల పడవలకు పోవాలి. చమురు పడకముందు బహ్రెయిన్ బతుకంతా ముత్యాలే. ఎండాకాలం నాలుగు నెలలపైన పడవలు సముద్రంమీద ఉండేవి. మునిగేవాడు ముక్కుకు ఫితామ్ అనే బిగింపు పెట్టుకుని, కాలికి రాయి కట్టిన తాడు ఆసరాతో అడుగుకు దిగి, మెడలో వేలాడే బుట్టలోకి చిప్పలు ఏరి, ఊపిరి ఆడనప్పుడు తాడు గుంజుతాడు. పైనున్నవాడు లాగుతాడు. పడవ నడిపించే పెద్ద నాఖుదా. పని ఫలితం జీతం కాదు, వాటా. ఖర్చులు పోగా మిగిలినదాంట్లో మునిగేవాడికి లాగేవాడికంటే ఎక్కువ వాటా. పనిలేని నెలల్లో ఇల్లు గడవడానికి నాఖుదా ముందుగా కొంత సొమ్మిస్తాడు, దాన్ని తిస్కామ్ అనేవారు. సముద్రంమీదికి పోయేముందు ఇచ్చేది సలఫియా. ఇంగ్లీషు అధికారులు రెంటినీ అడ్వాన్స్ అని రాసుకున్నారు. అడ్వాన్స్ అంటే రాబోయే సంపాదనలోంచి ముందుగా తీసుకున్నది, సంపాదన రాగానే తీరిపోవాల్సింది. లోన్ అంటే అప్పు, సంపాదనతో సంబంధం లేకుండా తీర్చాల్సింది. పాఠ్యపుస్తకంలో తేడా ఇంత తేటగా ఉంది. ముత్యాల పడవమీద మాత్రం వాటా ఎంతో లెక్కకట్టేది నాఖుదా, పద్దు రాసేది నాఖుదా, సీజను బాగా లేకపోతే మిగులు అప్పును వచ్చే ఏటికి మోసుకుపోయేదీ నాఖుదానే. ఇచ్చిన రోజున అడ్వాన్స్, మరుసటేడు లోన్, తండ్రి చచ్చిపోతే కొడుకు నెత్తిన డెట్. అప్పు ఇంత ఉందని నాఖుదా రాసిచ్చిన చీటీ లేకుండా మునిగేవాడు ఇంకో పడవ ఎక్కే దారి లేదు.

1920లలో పొలిటికల్ ఏజెంటు డేలీ కాలంలో మొదలైన సంస్కరణల్లో ముఖ్యమైంది, ప్రతి మునిగేవాడికీ సొంతంగా ఒక లెక్కపుస్తకం ఇవ్వడం. తీసుకున్నదెంత, సంపాదించిందెంత, బాకీ ఎంత అన్న మూడు అంకెలూ ఆ పుస్తకంలో ఉండాలి. తండ్రి అప్పు కొడుక్కు రాకూడదు. చదువురాని మనిషికి పుస్తకమెందుకని ఆనాడే అడిగినవాళ్లుంటారు. పద్దు ఒక్క నాఖుదా పెట్టెలోనే ఉన్నంతకాలం అడ్వాన్స్‌కూ అప్పుకూ తేడా లేదు, రెండో ప్రతి మునిగేవాడి చేతికి వచ్చాక ఉంది. నా వాదమంతా ఆ పుస్తకంలో ఉంది. మనకు ఇది అర్థం కానిదేమీ కాదు. పాలమూరు కూలీ మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఏ ఆనకట్ట పనికో పోతే, ఆ అడ్వాన్సు ఎన్నాళ్లకూ తెగేది కాదు. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం అడ్వాన్స్ అన్న మాటకు మొట్టమొదట అర్థం చెప్పి, బానిస అప్పు అంటే అడ్వాన్సేనని నిర్వచించింది. తెలంగాణలో జీతముండటం అంటే ఉద్యోగం చెయ్యడం కాదు, దొర ఇంట్లో కట్టుబడి ఉండటం. నెల తిరగ్గానే వచ్చే జీతానికీ, ఇంటిల్లిపాదినీ కట్టేసిన జీతానికీ తెలుగు ఒకటే మాట దాచుకుంది. జీతగాడి గోస ఎరిగిన నేలనుంచి పోయినవాడికి తిస్కామ్ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

1932లో జబల్ దుఖాన్ దగ్గర చమురు పడింది. జపాన్ పెంపుడు ముత్యాలతో ముత్యాల ధర అప్పటికే కూలిపోతోంది. 1929లో కెనడాలో నమోదైన బాప్కో కంపెనీ 1936లో రిఫైనరీ మొదలుపెట్టింది, పనివాళ్లను బొంబాయి మీదుగా ఇండియా నుంచి తెచ్చుకుంది. అప్పుడు అమల్లో ఉన్నది 1922 నాటి ఇండియన్ ఎమిగ్రేషన్ యాక్ట్. స్కిల్డ్, అన్‌స్కిల్డ్ అన్న జంటను మనం చేతిలో పని ఉన్నవాడు, లేనివాడు అని అర్థం చేసుకుంటాం. ఆ చట్టం అర్థం అది కాదు. గుమాస్తా పని స్కిల్డ్, హోటల్లో వడ్డించడం స్కిల్డ్, ఇంటిపని కూడా స్కిల్డ్. వ్యవసాయం అన్‌స్కిల్డ్. దుక్కి దున్ని, నారు పోసి, వాన చూసి విత్తే రైతుకు నైపుణ్యం లేదని ఆ చట్టం చెప్పిందనుకోవడం పొరపాటు. ఒప్పందపు కూలీలను తోటల్లోకి తోలి అపఖ్యాతి పాలైన ప్రభుత్వం, తోటల కూలీకి ఎవరిని పంపవచ్చో ఎవరిని పంపకూడదో గీత గీయడానికి ఆ రెండు మాటల్నీ వాడుకుంది. నూరేళ్ల తర్వాత చూస్తే, గోదావరి జిల్లాలనుంచీ కడపనుంచీ గల్ఫ్ ఇళ్లలో పనికి పోయే ఆడవాళ్లు 1922లో స్కిల్డ్. ఇప్పుడు పదో తరగతి పాసు కాకపోతే, పాస్‌పోర్టులో ఎమిగ్రేషన్ చెక్ రిక్వయర్డ్ అన్న ముద్రతో, ముప్ఫై ఏళ్లు నిండేదాకా ఆ పనికి పోకూడని మనుషులు. అంట్లు తోమే చెయ్యి అదే. మారింది చట్టం అవసరం.

ఎమిగ్రేట్, ఇమిగ్రేట్ అన్న జంట ప్రతి ఇంగ్లీషు వ్యాకరణంలోనూ ఉంటుంది. ఒక దేశం విడిచిపోతే మొదటిది, ఒక దేశంలోకి వస్తే రెండోది. ఒకే ప్రయాణానికి రెండు కొసలన్నమాట. బహ్రెయిన్‌కు పోయినవాడి విషయంలో ఈ పాఠం చెల్లదు. జగిత్యాల నుంచి పోయే మనిషి 1983 నాటి చట్టం ప్రకారం ఎమిగ్రెంట్. హైదరాబాదులో అతని కాగితాలు చూసే అధికారి బిరుదు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్, మళ్లీ అదే రక్షణ. మనామాలో దిగాక అతను ఇమిగ్రెంట్ కాడు. స్థిరపడటానికి వచ్చినవాడిగా ఆ దేశం అతన్ని లెక్కగట్టదు. 2008లో అబుదాబిలో కార్మికుల్ని పంపే ఆసియా దేశాలూ తీసుకునే గల్ఫ్ దేశాలూ కూర్చున్నప్పుడు కుదిరిన మాట తాత్కాలిక కాంట్రాక్టు కార్మికుడన్నది. వెళ్లిన మనిషి ఉన్నాడు, వచ్చిన మనిషి లేడు. ముప్ఫై ఏళ్లు రిఫైనరీలో పనిచేసి, పిల్లల్ని అక్కడే చదివించినవాడికి కూడా ఆ రెండో కొస అందడం అరుదు. పెద్ద జీతంవాడైతే ఎక్స్‌పాట్ అంటారు, చిన్న జీతంవాడైతే లేబర్ అంటారు, ఇద్దరికీ పర్మిట్ గడువే. గడువు అందరికీ ఒకటైనప్పుడు మాట ఎందుకు వేరు చెయ్యాలని అడగాల్సిన మాటే. మన పత్రికలూ ఆ విభజనను పాటిస్తున్నాయి. అమెరికా పోయినవాడు ప్రవాసుడు, బహ్రెయిన్ పోయినవాడు వలస కూలీ.

పనిచేసేవాళ్లు ఇంగ్లీషు మాట్లాడరు కదా, వాళ్లకు ఈ జంట పదాలతో పనేమిటన్నది ఇంకో అభ్యంతరం. నిజమే, గల్ఫ్ తెలుగులో తిరిగే మాటలు వేరు. దేశంలోకి రానిచ్చేది వీసా, ఉండనిచ్చేది రెసిడెన్స్ పర్మిట్, పని చెయ్యనిచ్చేది వర్క్ పర్మిట్. మన ఊళ్లలో మూడింటికీ వీసా అనే అంటారు. వీసా కొన్నాడు, వీసా అయిపోయింది, ఆజాద్ వీసామీద పోయాడు. వీసాలమ్మే ఏజెంటు బతుకుతున్నది ఈ ఒక్క మాటలో మూడు అర్థాలు కలిసిపోవడం మీదే. వచ్చిపోయే విజిట్ వీసా చేతిలో పెట్టి పని దొరుకుతుందంటే నమ్ముతున్నారంటే, లోపలికి పోవడానికీ పనిచెయ్యడానికీ వేర్వేరు కాగితాలుంటాయని ఎవరూ చెప్పకపోవడమే కారణం. కాబట్టి ఇంగ్లీషు రానివాడికే ఈ తేడా మరింత అవసరం.

ఇక కఫీల్. అరబ్బీలో పూచీ పడినవాడని అర్థం. తెలుగులో పూచీ, జామీను, హామీ అని మూడు మాటలున్నాయి, దేని బరువు దానిదే. ఇంగ్లీషులో స్పాన్సర్ అన్నారు. ముత్యాల పడవలమీదికి వచ్చే పరదేశీయుల్ని అదుపులో పెట్టడానికి బ్రిటిష్ అధికారులు బహ్రెయిన్‌లో తెచ్చిన ఏర్పాట్లలోనే కఫాలా అనే నేటి స్పాన్సర్ పద్ధతికి మూలం ఉందని బహ్రెయిన్ పండితుడు ఒమర్ అల్ షెహాబీ వాదించారు. పాత అరబ్ ఆతిథ్య సంప్రదాయమన్న మాటకు ఆయన పత్రాలతో జవాబిచ్చారు, ఆ వాదమే నాకు సరిగ్గా అనిపిస్తుంది. ఒక పడవనుంచి ఇంకో పడవకు పోనివ్వని చీటీకీ, ఒక యజమాని నుంచి ఇంకో యజమానికి పోనివ్వని స్పాన్సర్ సంతకానికీ పోలిక కళ్లకు కట్టినట్టుంది. 2009లో కార్మిక మంత్రి మజీద్ అల్ అలవి కఫాలాను బానిసత్వంతో పోల్చారు. ఆ ఏడు ఆగస్టు 1 నుంచి స్పాన్సర్ స్థానంలో ఎంప్లాయర్ అన్న మాట వచ్చింది, యజమాని ఒప్పుకోకపోయినా నోటీసిచ్చి వేరే పనికి మారవచ్చన్నారు. ఇంటిపనివాళ్లను అందులో చేర్చలేదు. 2011లో చట్టం సవరించి, మొదటి యజమాని దగ్గర ఏడాది నిండాలన్నారు. పేరు మారింది, పెత్తనం మారలేదని విమర్శించేవాళ్లకు ఆ సవరణ బలమైన సాక్ష్యం. అయినా ఏడాది తర్వాత మారే హక్కు కాగితంమీద ఉంది. స్పాన్సర్ అన్న మాటలో అది ఎన్నటికీ పుట్టేది కాదు, ఎందుకంటే పూచీ పడినవాడి నుంచి విడిపోవడమంటే ఆ పూచీకే నీళ్లు వదలడం. ఎంప్లాయర్‌ను వదిలితే పోయేది ఉద్యోగం ఒక్కటే.

వదిలిపోవడానికి కూడా రెండు మాటలున్నాయి. లీవ్ అంటే పని మానడం. అబ్‌స్కాండ్ అంటే చట్టానికి చిక్కకుండా పరారు కావడం. జీతమివ్వని చోటునుంచి బయటికి వచ్చినవాడు మొదటి పని చేశాడు, యజమాని కంప్లయింటులో రెండోది రాస్తాడు. ఆ రాతతో పర్మిట్ పోతుంది. మనవాళ్లు అతన్ని ఖల్లివల్లి అంటారు. అరబ్బుల నోట అది పోనీలే, వదిలెయ్ అన్న మాట. నిజామాబాదు మనిషి నోట అది కాగితాల్లేకుండా తలదాచుకుని పనిచేసేవాడి పేరు అయింది. ఖల్లివల్లి అయిండు అని ఇంటికి కబురొస్తే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు. అలాంటివాళ్ల కోసమే 2015లో జూలై నుంచి డిసెంబరు దాకా బహ్రెయిన్ ప్రభుత్వం గడువిచ్చింది, కాగితాలు సరిచేసుకోవచ్చు లేదా జరిమానా లేకుండా ఇల్లు చేరవచ్చని. ఇంగ్లీషులో దాన్ని ఆమ్నెస్టీ అన్నారు. పార్డన్ అనలేదు. పార్డన్ అంటే నేరం చేసినవాణ్ని మన్నించడం. ఆమ్నెస్టీకి గ్రీకులో మూలార్థం మరుపు, ప్రభుత్వం ఆ సంగతిని మరిచిపోతానని చెప్పడం. తెలుగు పత్రికల్లో శీర్షిక క్షమాభిక్ష అని వచ్చింది. జీతం ఎగ్గొట్టిన యజమాని దగ్గర్నుంచి బయటపడి, చేతిలో ఔట్‌పాస్ పట్టుకుని శంషాబాద్‌లో దిగిన మనిషి, ఆ మాటలో నేరస్థుడూ అయ్యాడు, బిచ్చగాడూ అయ్యాడు.